బెంగళూరు నుంచి అమెరికా స్టూడెంట్ వీసాకు దరఖాస్తు: ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టి ఇంటర్వ్యూ దాకా

బెంగళూరులో ఇంజనీరింగ్ పూర్తి చేసి అమెరికాలో ఎం.ఎస్. చేయాలనుకునే తెలుగు విద్యార్థికి మొదట ఎదురయ్యే చిక్కు ఊరిదే. ఇక్కడ అమెరికా కాన్సులేట్ 2025 జనవరిలో ప్రారంభమైనప్పటికీ వీసా సేవలు మొదలు కాలేదు కాబట్టి, ఇంటర్వ్యూకు చెన్నైకో హైదరాబాదుకో వెళ్ళక తప్పదు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాలతో కలిపి దేశంలో ఉన్న ఐదు చోట్లలో ఎక్కడ స్లాట్ దొరికినా తీసుకోవచ్చు. రైలు సౌకర్యం వల్ల మనవాళ్ళలో చాలామంది చెన్నైనే ఎంచుకుంటారు గనుక ఈ వ్యాసంలో చెన్నై దారినే వివరిస్తాను.

చదువుకోవడానికి ఇచ్చే వీసాను ఎఫ్-1 అంటారు. పాస్‌పోర్టు సరిచూసుకోవడం, విశ్వవిద్యాలయం నుంచి ఐ-20 (ప్రవేశాన్ని ధ్రువీకరించే పత్రం) తెప్పించుకోవడం, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు కట్టడం, డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) నింపడం, వీసా ఫీజు కట్టి స్లాట్ తీసుకోవడం, వేలిముద్రలు ఇవ్వడం, ఇంటర్వ్యూకు హాజరవడం అనేవి ఈ క్రమంలోనే జరగాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు. అయితే ఒక కాగితంలో ఉన్న పేరు, డబ్బు లెక్క, కోర్సు వివరం మరో కాగితంలో వేరుగా కనిపించినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది, ఆ తేడా సాధారణంగా స్లాట్ దగ్గర పడిన తర్వాతనే కంటపడుతుంది.

పాస్‌పోర్టు: ముందు ఇంటిపేరు చూడండి

పాస్‌పోర్టు గడువు కంటే ముందు అందులో మీ పేరు ఎలా అచ్చయిందో చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, మీకు పెట్టిన పేరుకు మరొక గడి ఉంటాయి. మన పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు ముందు వస్తుంది, కొన్నింటిలో పొడి అక్షరంగా మాత్రమే ఉంటుంది. దాన్ని చూసి దరఖాస్తు నింపినవారు మొత్తం పేరును రెండో గడిలో పెట్టి ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు తెలుగువాళ్ళలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఇంటిపేరు కొమ్మినేని, పేరు వెంకట సాయి అనుకుందాం. పాస్‌పోర్టులో ఆ మూడు మాటలూ ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసా దరఖాస్తులో ఆ మూడింటినీ ఇంటిపేరుగా రాసి, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని రాయాలి. ‘మొదటి పేరు తెలియదు’ అనే మాటకు అది పొడి రూపం. వీసా మీదా అలాగే అచ్చవుతుంది, ఆ తర్వాత అక్కడ తీసుకునే సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతాల్లోకి కూడా ఆ మూడక్షరాలు వెంటపడి వస్తాయి. దానివల్ల వీసా ఆగిపోదు గాని, తర్వాత ప్రతి కార్యాలయంలోనూ వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది.

అందుచేత విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పంపకముందే, అంటే ఇంజనీరింగ్ చివరి సంవత్సరం మొదట్లోనే, పాస్‌పోర్టు రీ-ఇష్యూకు దరఖాస్తు చేసి పేరును రెండు గడుల్లోకి విడదీయించుకోండి. కోరమంగళలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో లాల్‌బాగ్‌లోనూ మారతహళ్ళిలోనూ సేవా కేంద్రాలు ఉన్నాయి. 36 పేజీల పాస్‌పోర్టుకు సాధారణ రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ కావాలంటే దాని మీద మరో 2,000 చెల్లించాలి. మీరు ఏ చిరునామా ఇస్తారో అక్కడే పోలీసు విచారణ జరుగుతుంది. పీజీ హాస్టల్లో ఉంటూ ఆధార్‌లో మాత్రం ఊరి చిరునామా పెట్టుకున్నవారు ఆ ఊరి చిరునామానే ఇచ్చి, విచారణ రోజున అక్కడ ఉండగలిగేలా చూసుకోవడం మేలు. ఐ-20 వచ్చిన తర్వాత పేరు మార్పించుకుంటే ఐ-20 కూడా మార్పించుకోవాలి, కాబట్టి ఈ పనిని వాయిదా వేయవద్దు.

ఐ-20, దానిలోని డబ్బు లెక్క

అడ్మిట్ వచ్చిన తర్వాత విశ్వవిద్యాలయం మిమ్మల్ని ఆర్థిక ఆధారాలు అడుగుతుంది. మొదటి సంవత్సరపు ట్యూషన్, నివాసం, భోజనం, ఆరోగ్య బీమా కలిపి ఒక మొత్తం చెప్పి, అంత డబ్బు మీకు అందుబాటులో ఉందని చూపించమంటుంది. మీరు చూపించిన వివరమే ఐ-20లో అచ్చవుతుంది. సొంత డబ్బు ఎంత, స్పాన్సర్ డబ్బు ఎంత, స్కాలర్‌షిప్ ఎంత అని అక్కడ విడివిడిగా ఉంటుంది. ఇంటర్వ్యూలో అధికారి చూసేది ఈ పట్టికనే. అందుచేత ఐ-20 కోసం నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపించి, ఇంటర్వ్యూలో మాత్రం మొత్తం విద్యారుణమే అని చెప్పడం వంటి తేడాలు రాకుండా జాగ్రత్తపడాలి. పరిస్థితి నిజంగానే మారి ఉంటే, విశ్వవిద్యాలయానికి రాసి సవరించిన ఐ-20 తెప్పించుకోవచ్చు.

విద్యారుణం తీసుకునేవారు ఆలస్యం ఎక్కడ జరుగుతుందో ముందే గ్రహించాలి. ప్రభుత్వ రంగ బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన రుణానికి ఆస్తి తనఖా అడుగుతాయి. బెంగళూరు శాఖలో దరఖాస్తు పెడితే, ఆస్తి గుంటూరులోనో కర్నూలులోనో ఉన్నప్పుడు, ఆ బ్యాంకు గుర్తించిన న్యాయవాది అక్కడి దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయో లేదో చూపే పత్రం) చూసి అభిప్రాయం ఇవ్వాలి, వాల్యుయేషన్ చేసే ఇంజనీరు వెళ్ళి చూడాలి, ఆ తర్వాతే సాంక్షన్ లెటర్ వస్తుంది. ఇందుకు ఒక్కోసారి నెల దాటుతుంది. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు విద్యారుణానికి తనఖాగా ఒప్పుకోవు. “మాకు పదెకరాలు ఉన్నాయి, రుణానికేం ఇబ్బంది?” అనే ధీమాతో బ్యాంకుకు వెళ్ళి, ఊళ్ళోని ఇంటి కాగితాల కోసం మళ్ళీ బస్సెక్కిన తండ్రులను నేను చూశాను. మీ ఆస్తి ఉన్న ఊరి శాఖలోనే రుణానికి దరఖాస్తు పెట్టడం చాలా సందర్భాల్లో త్వరగా తేలే మార్గం. చేతికి రావలసింది సాంక్షన్ లెటర్, సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నామనే ప్రాథమిక లేఖ దానికి బదులు కాదు.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. వడ్డీ తీసుకుని రెండు వారాల పాటు మీ ఖాతాలో డబ్బు వేసి, బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీసుకున్నాక వెనక్కి తీసుకునే వ్యాపారం మన అమీర్‌పేటలో ఎంత ఉందో మారతహళ్ళిలోనూ అంతే ఉంది. అది మోసపూరిత పత్రం కిందికి వస్తుంది. మోసం బయటపడితే ఆ ఒక్క వీసా పోవడంతో ఆగదు, అమెరికాలో అడుగుపెట్టడానికే శాశ్వతంగా అనర్హులుగా తేల్చే అధికారం చట్టంలో ఉంది. అప్పు చేసి చదువుకోవడం అధికారి దృష్టిలో తప్పు కాదు, కాబట్టి దాన్ని దాచవలసిన అవసరమే లేదు.

ఏ విశ్వవిద్యాలయం ఐ-20 ఇస్తోందన్నది కూడా మీరే పరిశీలించాలి. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ వ్యవహారంలో ఆ విశ్వవిద్యాలయాన్ని అక్కడి ప్రభుత్వ సంస్థే నిఘా కోసం సృష్టించింది. అందులో చేరిన విద్యార్థుల్లో అరెస్టయినవారు దాదాపు అందరూ భారతీయులే, వారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. ప్రభుత్వ ఆమోద జాబితాలో పేరు ఉండటం అవసరమే గాని, అదొక్కటే చాలదు. తరగతులు ఎక్కడ జరుగుతాయి, అధ్యాపకులు ఎవరు, మీకంటే ముందు ఏడాది చేరిన విద్యార్థి ఏ సబ్జెక్టులు చదువుతున్నాడు అనే ప్రశ్నలకు స్పష్టమైన జవాబులు దొరకని చోట డబ్బు కట్టవద్దు.

ఐ-20 చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, కోర్సు, మొదలయ్యే తేదీ పాస్‌పోర్టుతోనూ అడ్మిట్ లేఖతోనూ సరిపోల్చి, విద్యార్థి సంతకం చోట సంతకం చేయండి.

సెవిస్ ఫీజు

ఐ-20 పై భాగంలో ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్యను సెవిస్ నంబరు అంటారు. దాని మీద 350 డాలర్ల ఐ-901 ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, రసీదును ముద్రించుకోవాలి. ఇంటర్వ్యూకు కనీసం మూడు పనిదినాల ముందే కట్టేయండి. తర్వాత మరో విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుంటే మళ్ళీ కట్టనవసరం లేదు, కట్టిన ఫీజును కొత్త సెవిస్ నంబరుకు బదిలీ చేయించుకోవచ్చు.

డీఎస్-160: స్వయంగా నింపండి

ఈ దరఖాస్తును కన్సల్టెన్సీకి అప్పగించవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మా తమ్ముడి కూతురి దరఖాస్తును నగరంలోని ఒక కన్సల్టెన్సీ నింపింది. అమెరికాలో మీకు ఇతర బంధువులు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు వారు లేరని రాశారు. ఆ అమ్మాయి పిన్ని డల్లస్‌లో పదేళ్ళుగా ఉంటోంది. ఇంటర్వ్యూకు రెండు వారాల ముందు ఆ కాగితాలు మా ఇంటి భోజనాల బల్ల మీద పరచుకుని ఒక్కొక్క జవాబూ చదువుతుంటే ఆ అమ్మాయే గమనించి, “పెదనాన్నా, పిన్ని లేదని రాశారే” అంది. బంధువులు ఉన్నారని చెబితే వీసా రాదని వారు తమకు తోచిన ఉపాయం చేశారట. ఉన్న బంధువును దాచడమే అసలు ప్రమాదం. చివరికి కొత్తగా మరో డీఎస్-160 నింపి, ఆ కొత్త నిర్ధారణ సంఖ్యను అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో మార్చుకోవలసి వచ్చింది. కన్సల్టెన్సీ నింపినా, ఎవరు నింపినా, చివర్లో జవాబులన్నీ నిజమని ధ్రువీకరించేది మీరే.

దరఖాస్తు మొదలుపెట్టగానే తెర మీద ‘ఏఏ’తో మొదలయ్యే అప్లికేషన్ ఐడీ, ఒక భద్రతా ప్రశ్న వస్తాయి. రెండింటినీ వెంటనే ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే పేజీ మూసుకుపోతుంది. ఫొటో రెండు అంగుళాల చదరంగా, తెల్లని నేపథ్యంతో, ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి, కళ్ళద్దాలు ఉండకూడదు. దరఖాస్తుకు ఎక్కించే ఫైలు 240 కేబీ దాటకూడదు. ఫొటో స్టూడియోలో అమెరికా వీసాకు అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే పాస్‌పోర్టు సైజు కోసిస్తారు.

పేరు రాసే పేజీలో మీ పేరును మీ మాతృభాష లిపిలో రాయమనే గడి ఒకటి ఉంటుంది. అమెరికా ప్రభుత్వ దరఖాస్తులో తెలుగు అక్షరాలు అడిగే చోటు అదొక్కటే. చాలామంది దాన్ని దాటవేస్తారు గాని, కీబోర్డును తెలుగులోకి మార్చి చక్కగా రాయవచ్చు. గడిచిన ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన వచ్చింది కాబట్టి, ఇంటర్వ్యూకు ముందే ఆ సెట్టింగులు మార్చుకోండి. మరిచిపోయిన పాత ఖాతా ఏదైనా ఉంటే అదీ రాయండి. విద్యార్థి వీసాకు ప్రత్యేకంగా వచ్చే పేజీలో, మన దేశంలో మీ వివరాలను ధ్రువీకరించగల ఇద్దరి పేర్లు అడుగుతారు. వారు కుటుంబ సభ్యులు, బంధువులు కాకూడదు. కళాశాల అధ్యాపకులనో పనిచేసిన చోటి పై అధికారినో ముందే అడిగి, వారి అనుమతితో ఇవ్వడం మర్యాద. మెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి, కన్సల్టెన్సీవి కాదు. కాన్సులేట్ పంపే ప్రతి సమాచారమూ అక్కడికే వస్తుంది.

వీసా ఫీజు, స్లాట్

డీఎస్-160 సమర్పించాక, అపాయింట్‌మెంట్ వెబ్‌సైటులో ప్రొఫైల్ తెరిచి 185 డాలర్ల వీసా ఫీజును రూపాయల్లో కట్టాలి. కట్టిన నాటి నుంచి ఏడాది పాటు ఆ రసీదు చెల్లుతుంది. రెండు అపాయింట్‌మెంట్లు తీసుకోవాలి. ఒకటి వేలిముద్రలకు వీసా అప్లికేషన్ సెంటరులో, రెండోది ఇంటర్వ్యూకు కాన్సులేట్‌లో. మొదటిదాన్ని మనవాళ్ళు పాత అలవాటు కొద్దీ ఇంకా ఓఎఫ్‌సీ అనే పిలుస్తున్నారు. అది ఇంటర్వ్యూకు కనీసం ఒక రోజు ముందు పూర్తి కావాలి.

కోర్సు మొదలయ్యే తేదీకి 365 రోజుల ముందు నుంచే ఎఫ్-1 వీసా జారీ చేయవచ్చు. ఆగస్టులో చదువు మొదలయ్యేవారంతా మే, జూన్, జూలై నెలల్లో ఎగబడతారు గనుక, ఐ-20 మార్చిలో వచ్చినవారు మార్చిలోనే స్లాటు వెతకడం మొదలుపెట్టాలి. స్లాటు మార్చుకునే అవకాశం ఒక్కసారే ఉచితం, రెండోసారి మార్చాలంటే ఫీజు మళ్ళీ కట్టాలి. అందుచేత దొరికిందే చాలని తోచిన తేదీ పట్టుకుని, తర్వాత మార్చుకుందాంలే అనుకోవద్దు. రుణం సాంక్షన్ అయ్యే తేదీని లెక్క వేసుకుని తీసుకోండి.

స్లాట్లు పట్టిస్తామని వేలకు వేలు అడిగే టెలిగ్రామ్ గ్రూపులకు మీ పాస్‌వర్డ్ ఇవ్వవద్దు. 2025 మార్చిలో భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం బాట్ల ద్వారా తీసుకున్న దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను రద్దు చేసి, ఆ ఖాతాల స్లాటు సౌకర్యాన్ని నిలిపివేసింది. వేరెవరో చేసిన తప్పుకు మీ ఖాతా మూతపడితే, సెమిస్టరు దాటిపోతుంది.

చెన్నైలో రెండు రోజులు

బెంగళూరులో రాత్రి మెయిల్ ఎక్కితే తెల్లవారుజామున సెంట్రల్‌లో దిగుతారు. వేలిముద్రల అపాయింట్‌మెంట్ ఒక రోజు, ఇంటర్వ్యూ మర్నాడు ఉండేలా తీసుకుంటే ఒక్క రాత్రి బసతో పని ముగుస్తుంది. వేలిముద్రల కేంద్రం చిరునామా నిర్ధారణ పత్రం మీద ఉంటుంది, కాన్సులేట్ చిరునామా వేరు, రెండింటినీ కలిపి గందరగోళపడవద్దు. మొదటి రోజు పాస్‌పోర్టు, డీఎస్-160 నిర్ధారణ పత్రం, అపాయింట్‌మెంట్ పత్రం, ఫొటో తీసుకెళ్ళండి. పది వేళ్ళ ముద్రలూ తీసుకుంటారు కాబట్టి, ఆ వారంలో వేళ్ళకు కోతలు, కాలిన గాయాలు కాకుండా చూసుకోవాలి.

కాన్సులేట్ జెమిని సర్కిల్ దగ్గర, మన పెద్దవాళ్ళు ఇప్పటికీ మౌంట్ రోడ్డు అనే అన్నా సాలై మీద, ఫ్లైఓవర్‌ను ఆనుకున్నట్టుగా ఉంటుంది. సెంట్రల్ నుంచి మెట్రోలో మూడో స్టేషనైన థౌజండ్ లైట్స్‌లో దిగి నడిచి వెళ్ళవచ్చు. లోపలికి ఫోన్లు, స్మార్ట్ వాచీలు, బ్యాగులు రానివ్వరు. ఫోనును బసలోనే వదలండి, లేదా వెంట వచ్చినవారి చేతికివ్వండి. పొద్దున ఏడు గంటలకు ఆ కాలిబాట మీద నిలబడితే, పారదర్శకమైన ప్లాస్టిక్ ఫోల్డర్ ఛాతీకి ఆనించుకున్న పిల్లలు, రోడ్డుకు అవతల చెట్టు నీడన వారి ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డ తండ్రులు కనిపిస్తారు. తల్లిదండ్రులను లోపలికి అనుమతించరు కాబట్టి, తిరిగి ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోండి.

ఫోల్డర్‌లో పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20, సెవిస్ రసీదు, డీఎస్-160, అపాయింట్‌మెంట్ పత్రాలు పైన ఉండాలి. వాటి కింద మార్కుల జాబితాలు, పరీక్షల స్కోరు పత్రాలు, రుణ సాంక్షన్ లెటర్, తల్లిదండ్రుల ఖాతా వివరాలు, మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు పెట్టుకోండి. అధికారి వీటిలో చాలావాటిని అసలు అడగకపోవచ్చు. కిటికీ ముందు గడిపేది సాధారణంగా రెండు మూడు నిమిషాలే, నిర్ణయం ఎక్కువగా మీ మాటల మీదనే ఆధారపడుతుంది.

ఆ రెండు మూడు నిమిషాల వెనుక ఉన్న చట్టం తెలిస్తే జవాబు ఎలా చెప్పాలో అర్థమవుతుంది. అమెరికా వలస చట్టంలోని సెక్షన్ 214(బి) ప్రకారం, దరఖాస్తుదారు అమెరికాలో స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నాడనే అధికారి మొదట భావించాలి, కాదని నిరూపించుకోవలసిన భారం మీది. అందుకని ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఈ కోర్సు మీరు ఇంతవరకు చదివినదానికి ఎలా కొనసాగింపు, ఖర్చు ఎవరు భరిస్తారు, చదువయ్యాక ఏం చేస్తారు అనే ప్రశ్నల చుట్టూనే సంభాషణ తిరుగుతుంది. మనవాళ్ళకు ఉన్న పెద్ద బలహీనత జవాబులను బట్టీపట్టి పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పడం. ఒకే కోచింగ్ కేంద్రం నుంచి వచ్చిన పదిమంది ఒకే ఉదయం “అధునాతన ప్రయోగశాలలు, పేరొందిన అధ్యాపకులు” అని ఒకే వాక్యం చెబితే, పదకొండో విద్యార్థి నోరు తెరవకముందే అధికారికి విసుగు పుడుతుంది. మీ పాఠ్యప్రణాళికలోని రెండు సబ్జెక్టుల పేర్లు చెప్పి, మీ ఫైనలియర్ ప్రాజెక్టుకు వాటితో ఉన్న సంబంధాన్ని ఒక వాక్యంలో చెప్పగలిగితే చాలు. అడిగినదానికే జవాబివ్వండి. బ్యాక్‌లాగులు ఉంటే ఎన్ని ఉన్నాయో చెప్పి ఊరుకోండి, సంజాయిషీ అడిగితేనే ఇవ్వండి.

ఫలితం వచ్చాక

వీసా మంజూరైతే పాస్‌పోర్టు వారి దగ్గరే ఉంచుకుంటారు. సేకరణ కేంద్రానికి వెళ్ళి తీసుకుంటారో, రుసుము కట్టి ఇంటికి తెప్పించుకుంటారో ప్రొఫైల్‌లో ముందే ఎంచుకుని ఉంటారు. 221(జి) పత్రం చేతిలో పెడితే అది ఇంకా ఏదో పరిశీలించాలనో, మరో కాగితం కావాలనో చెప్పడం, కాబట్టి అందులో అడిగినవి అడిగినట్టు పంపి వేచి ఉండాలి. 214(బి) కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు. మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు గాని, వీసా ఫీజు కొత్తగా కట్టాలి, సెవిస్ ఫీజు మాత్రం పన్నెండు నెలల దాకా పనికివస్తుంది. వారం తిరగకుండా అవే కాగితాలతో, అవే జవాబులతో తిరిగి వెళ్ళడం డబ్బు దండగ. మొదటిసారి ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో బయటికి రాగానే రాసిపెట్టుకుని, ఆ లోటు సరిచేశాకే రెండోసారి స్లాటు తీసుకోండి.

పాస్‌పోర్టు చేతికి రాగానే వీసా మీద పేరు, పుట్టిన తేదీ, సెవిస్ నంబరు, విశ్వవిద్యాలయం పేరు అక్షరం అక్షరం సరిచూడండి. టిక్కెట్టు కొనేటప్పుడు ఐ-20లోని ప్రారంభ తేదీని ముందు పెట్టుకోండి, ఆ తేదీకి 30 రోజుల కంటే ముందు మిమ్మల్ని ఆ దేశంలోకి అనుమతించరు. ఐ-20, రుణ పత్రాలు, అడ్మిట్ లేఖ చేతిసంచిలో పెట్టుకోండి. దేవనహళ్ళి విమానాశ్రయంలో పెద్ద పెట్టెలోకి పంపేస్తే, దిగిన చోట ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగినప్పుడు చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.